మంచు కొండ మీద 'మాకు తెలుసు' అంటే చాలదు

చలికాలం మొదలైందంటే డెన్వర్ నుంచి పడమటికి వెళ్ళే ఐ-70 రోడ్డు మీద శని, ఆదివారాల్లో తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి. అందరి దారీ కొండలకే. మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ బారులో మనవాళ్ళు అరుదుగా కనిపించేవారు. ఇప్పుడు కారు మీద స్కీలు, బోర్డులు కట్టుకుని వెళ్ళే తెలుగు కుర్రాళ్ళను ప్రతి వారం చూస్తున్నాం. సంతోషించాల్సిన విషయమే. ఉన్న ఊళ్ళో ఆటలు నేర్చుకోకుండా సినిమాలు చూస్తూ కూర్చుంటే ఏం లాభం?

కానీ ఈమధ్య మరో మార్పు కూడా చూస్తున్నాం. రిసార్టు టికెట్లు ఖరీదయ్యాయి, జనం పెరిగారు. దాంతో కొందరు రిసార్టు హద్దు దాటి అసలు కొండల్లోకి వెళుతున్నారు. దీన్ని ఇక్కడ బ్యాక్‌కంట్రీ అంటారు. అక్కడ లిఫ్టు ఉండదు. కాపలావాళ్ళు ఉండరు. రిసార్టుల్లో అయితే పొద్దున్నే పేలుడు పదార్థాలు వాడి ప్రమాదకరమైన మంచును ముందే కిందికి దించేస్తారు. బ్యాక్‌కంట్రీలో ఆ పని చేసిపెట్టేవాళ్ళు లేరు. ఎక్కేదీ మనమే, దిగేదీ మనమే, చూసుకోవాల్సిందీ మనమే.

ఇలా వెళ్ళేవాళ్ళ కోసమే స్ప్లిట్‌బోర్డ్ ఉంది. చూడటానికి మామూలు స్నోబోర్డే. నిలువుగా రెండు ముక్కలుగా విడిపోతుంది. అడుగున వెనక్కి జారనివ్వని పట్టీలు అతికిస్తే ఆ ముక్కలతో స్కీల మాదిరిగా కొండ ఎక్కొచ్చు. పైకి చేరాక పట్టీలు తీసేసి, ముక్కలు కలిపి, బోర్డు చేసుకుని దిగొచ్చు. మా బావమరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండేళ్ళ కిందట ఇది కొని తెచ్చి హాల్లో పెట్టాడు. "బావా, మీరూ రండి" అన్నాడు. అప్పటికి అతనికి మంచు చరియల గురించి తెలిసింది సున్నా. మాకు తెలిసింది అంతకన్నా ఎక్కువేమీ లేదు. అందుకని మేము ముగ్గురం - మేము, మా ఆవిడ, బావమరిది - ముందు శిక్షణకు వెళదామని నిర్ణయించుకున్నాం. ఆ శిక్షణలో నేర్చుకున్నదీ, దాని వెనుక ఈ దేశంలో నడుస్తున్న చర్చా మనవాళ్ళకు చెప్పాలనే ఈ వ్యాసం.

37 మంది

2020 మార్చిలో కోవిడ్ కారణంగా కొలరాడోలో రిసార్టులన్నీ మూతపడ్డాయి. ఇంట్లో ఉండలేని జనం బ్యాక్‌కంట్రీ దారి పట్టారు. దుకాణాల్లో స్ప్లిట్‌బోర్డులు, పట్టీలు దొరకని పరిస్థితి వచ్చింది. ఆ తర్వాతి సీజన్లో, అంటే 2020-21 చలికాలంలో, అమెరికా మొత్తం మీద మంచు చరియల కింద 37 మంది చనిపోయారు. ఒక్క కొలరాడోలోనే 12 మంది. 2021 ఫిబ్రవరి 6న యూటాలోని మిల్‌క్రీక్ లోయలో ఒకే చరియ కింద ఎనిమిది మంది చిక్కుకుంటే నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

కొత్తగా వచ్చినవాళ్ళే తెలియక చచ్చిపోయారని అనుకోవడం సులభం. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కానీ ప్రమాదాల నివేదికలు చదువుతూ పోతే ఆ మాట నిలబడదు. చనిపోయినవాళ్ళలో ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, శిక్షణ పొందినవాళ్ళు చాలామంది ఉన్నారు. మరి తెలిసినవాళ్ళు ఎందుకు చిక్కుకుంటున్నారు? అసలు ప్రశ్న ఇదీ.

ఇసుక మీద శ్లాబు

ముందు మంచు ఎందుకు జారుతుందో చెప్పుకుందాం. మేము నిజామాబాద్‌లో సివిల్ డిప్లొమా చదివినవాళ్ళం, గల్ఫ్‌లో ఎనిమిదేళ్ళు, ఇక్కడ ఆరేళ్ళుగా కట్టడాల మీద సూపర్‌వైజర్ పనిచేస్తున్నవాళ్ళం. కాబట్టి మా భాషలోనే చెబుతాం.

కొలరాడోలో సీజన్ మొదట్లో పడే మంచు పలచగా ఉంటుంది. తర్వాత వారాల తరబడి ఆకాశం నిర్మలంగా ఉండి చలి కొరికేస్తుంది. నేల దగ్గర మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైన గాలి సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోతుంది. ఈ తేడా వల్ల అడుగు మంచులోని తేమ ఆవిరై పైకి పోతుంటే, గింజలు ఒకదానికొకటి అతుక్కోకుండా పంచదారలా తయారవుతాయి. ఆ తర్వాత పెద్ద తుపాను వచ్చి, గాలి తోసుకొచ్చిన మంచు దాని మీద గట్టిగా పేరుకుంటుంది. అంటే కింద వదులు ఇసుక, పైన శ్లాబు. ఇక్కడివాళ్ళు కూడా దాన్ని శ్లాబు అనే పిలుస్తారు. మన ఇంటి శ్లాబుకు కింద సెంట్రింగ్ ఉంటుంది. దీనికి ఆ ఆధారం పంచదార గింజలే. మనిషి బరువు పడగానే ఒకచోట కూలుతుంది. ఆ కూలడం పక్కకు పాకి మొత్తం శ్లాబు ఒక్కసారిగా కదులుతుంది.

ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే విరుగుతాయి. బోర్డు మీద జారడానికి బాగుండే వాలు కూడా అదే. మనుషులు చిక్కుకున్న చరియల్లో పదింట తొమ్మిది, చిక్కుకున్నవాళ్ళో వాళ్ళ జట్టులోని వాళ్ళో కదిలించినవేనని శిక్షణలో మొదటి గంటలోనే చెబుతారు. అంటే ఇది తలరాత కాదు. మనం వెళ్ళి తట్టి లేపే ప్రమాదం.

పది నిమిషాల లెక్క

మా శిక్షణ మూడు రోజులు, 24 గంటలు. రోజూ ఉదయం కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఇచ్చే బులెటిన్ చదవడంతో మొదలవుతుంది. ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. బులెటిన్ ఉచితం. ప్రమాదాన్ని 1 నుంచి 5 వరకు అంకెల్లో చెబుతారు. అందరూ 4, 5 అంటేనే భయపడతారు. కానీ చావులు ఎక్కువగా జరిగేది 3 ఉన్న రోజుల్లో. 4, 5 ఉన్ననాడు జనం వెళ్ళరు. 3 అంటే 'మధ్యలోనే ఉంది కదా' అని వెళతారు. మన పరీక్షల్లో 100కి 60 వస్తే ఫస్టు క్లాసు. ఇక్కడ 5లో 3 అంటే మనిషి బరువుకే చరియ విరగొచ్చని అర్థం.

తర్వాత సామాను. ప్రతి ఒక్కరి దగ్గరా మూడు ఉండాలి. ఒకటి బీకన్ - ఒంటికి కట్టుకునే రేడియో పరికరం. 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంటుంది. ఎవరైనా కూరుకుపోతే మిగతావాళ్ళు తమ బీకన్లను వెతికే పద్ధతిలోకి మార్చి దగ్గరికి చేరతారు. రెండోది ప్రోబ్ - మడత విప్పితే రెండున్నర, మూడు మీటర్ల పొడవయ్యే సన్నటి కడ్డీ. మంచులో గుచ్చి మనిషి ఎంత లోతున ఉన్నాడో చూస్తారు. మూడోది అల్యూమినియం పార. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగే.

ఎందుకింత తొందర అంటే, ఊపిరి. 2024లో స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కల మీద ఒక అధ్యయనం వచ్చింది. పూర్తిగా కూరుకుపోయినవాళ్ళను 10 నిమిషాల లోపు తీస్తే 100కి 90 మంది దాకా బతుకుతున్నారు. అరగంట అయ్యేసరికి బతికే అవకాశం మూడో వంతుకు పడిపోతోంది. అంతకుముందు 15 నిమిషాలని చెప్పేవారు, ఇప్పుడు గడువు ఇంకా తగ్గింది. హెలికాప్టర్ పది నిమిషాల్లో రాదు. పక్కనున్నవాళ్ళు తీయాలి, లేదా లేదు.

మనవాళ్ళకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు కింద చిక్కుకున్న లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో బయటపడలేదా అని. పడ్డాడు, కానీ ఫిబ్రవరి 11న ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఆ ప్రమాదంలో పది మంది జవాన్లు పోయారు, అందులో మన కర్నూలు జిల్లా బిడ్డ కూడా ఒకరు. గూడారంలో ఉండబట్టి హనుమంతప్పకు కొంత గాలి దొరికింది. వాలు మీద జారుతున్నవాడికి చుట్టూ గూడారం ఉండదు. అలాంటి అద్భుతాన్ని లెక్కలోకి తీసుకుని కొండెక్కకూడదు.

శిక్షణలో మంచు కింద సంచిలో బీకన్ పెట్టి మమ్మల్ని వెతకమన్నారు. మా బావమరిది దగ్గర అన్నిటికన్నా ఖరీదైన సామాను ఉంది. మొదటిసారి సంచిని బయటికి తీసేసరికి మాకు 11 నిమిషాలు పట్టింది. బీకన్‌తో వెతకడానికి పట్టింది కాసేపే. తవ్వడానికే ఎక్కువ పట్టింది. ఒకసారి జారి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంటుంది. సంచిని బయటికి తీశాక ఎవరమూ మాట్లాడలేదు. నాలుగోసారికి ఆరు నిమిషాలకు వచ్చాం.

స్ప్లిట్‌బోర్డ్ వాళ్ళకు మరో రెండు చిక్కులున్నాయి. చాలా స్కీలు గట్టిగా లాగితే కాలి నుంచి ఊడతాయి. బోర్డు మాత్రం రెండు కాళ్ళనూ బంధించే ఉంచుతుంది. చరియలో అది లంగరులా కిందికి లాగుతుంది. ఇక ముక్కలు కలపడానికి, విడదీయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు వాలు కింద కూర్చుని గడపకూడదు. ఎక్కడ ఆగాలో ముందే చూసుకోవాలి.

తెలిసినవాళ్ళ విషాదం

2013 ఏప్రిల్ 20. కొలరాడోలో లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్. స్ప్లిట్‌బోర్డులు, స్కీలతో ఆరుగురు బయల్దేరారు. వాళ్ళు వచ్చిన సమావేశం ఉద్దేశమే బ్యాక్‌కంట్రీ భద్రత గురించి ప్రచారం చేయడం. సామాను ఉంది. అనుభవం ఉంది. ఆ రోజు బులెటిన్ చదివారు, లోతున బలహీనపు పొర ఉందని అందులో రాసిన సంగతి మాట్లాడుకున్నారు కూడా. ప్రమాదకరమైన వాలును తప్పించుకుని చెట్ల దగ్గరికి చేరదామని, దాని కింది భాగం దాటుతుండగా పైనుంచి మొత్తం వాలు విరిగిపడింది. ఆరుగురూ ఒకేసారి చిక్కుకున్నారు. ఐదుగురు చనిపోయారు. మిగిలిన ఒక్కరు సగం కూరుకుపోయి గంటల తరబడి సాయం కోసం ఎదురుచూశారు. కొలరాడోలో అంతకుముందు 50 ఏళ్ళలో అంత పెద్ద ప్రమాదం లేదు.

వాళ్ళను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ళకు తెలుసు. తెలిసీ అందరూ ఒకేసారి ఆ వాలు కిందికి వచ్చారు. ఒక్కొక్కరుగా, పూర్తిగా దూరదూరంగా దాటి ఉంటే, పడినవారిని తీయడానికి పైన ఎవరో ఒకరు మిగిలేవారు. సమాచారం ఉండటం వేరు, ఆ సమాచారాన్ని బట్టి అడుగు ఆపుకోవడం వేరు.

దీని మీద ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు 2000 తర్వాతి సంవత్సరాల్లో చాలా పని చేశాడు. పాత ప్రమాదాలు వందల కొద్దీ పరిశీలించి, మనుషులు పడే ఉచ్చులు ఇవీ అని చూపించాడు. తెలిసిన చోటే కదా అనే ధీమా. పదిమందిలో మంచి అనిపించుకోవాలనే కోరిక. అనుకున్నది పూర్తి చేయాలనే పట్టుదల. జట్టులో ఒకడిని నిపుణుడనుకుని అతని వెనకాలే పోవడం. మనకన్నా ముందు వేరేవాళ్ళు వెళ్ళిపోతారేమోననే ఆరాటం. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి ఏమీ కాదనుకోవడం. వీటిలో మంచుకు సంబంధించినది ఒక్కటీ లేదు. అన్నీ మనుషులకు సంబంధించినవే.

ఇవి చదువుతుంటే మాకు గల్ఫ్ గుర్తొచ్చింది. ఒక సైటులో పైపులైను కోసం గుంట తవ్విస్తున్నాం. మూడు మీటర్ల లోతు. పక్కలకు ఆధారం పెట్టించలేదు. ఆ సాయంత్రానికి పైపు దించాలని పైనుంచి ఒత్తిడి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక కూలీ, చదువు లేనివాడు, పైకి చూసి "సారూ, మట్టి రాలుతాంది" అన్నాడు. మేము డిప్లొమా చదివినవాళ్ళం. "ఇంకో గంట పనే కదా, కానివ్వు" అన్నాం. అరగంటలో గోడ కూలింది. ఛాతీ వరకు కూరుకుపోయాడు. చేతులతో, పారలతో తీశాం. బతికాడు. కానీ కుడి కాలు మళ్ళీ సరిగా నిలబడలేదు, ఊరికి వెళ్ళిపోయాడు. ఆ మాట మేము వినకపోవడానికి కారణం మట్టి గురించి తెలియకపోవడం కాదు.

ఇక్కడ అమెరికాలో 5 అడుగుల లోతు దాటితే గుంటకు ఆధారం పెట్టాలని చట్టం. రోజూ పరీక్షించే మనిషి ఉండాలి, అతనికి పని ఆపే అధికారం ఉండాలి. ఆ అధికారమే అసలు భద్రత. కొండ మీద ఆ చట్టం లేదు. ఆ అధికారం మనకు మనమే ఇచ్చుకోవాలి.

చెప్పినవాడికి శిక్షా?

ఇక్కడే ఇంకో చర్చ ఉంది. 2020 మార్చి 25న ఐ-70 రోడ్డు మీద ఐసెన్‌హోవర్ సొరంగం పైన ఇద్దరు స్నోబోర్డర్లు ఒక చరియను కదిలించారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ సొరంగం దగ్గరి సర్వీసు రోడ్డు 20 అడుగుల మంచు కింద కూరుకుపోయింది, చరియలను ముందే దించడానికి పెట్టిన యంత్రం పాడైంది. ఆ ఇద్దరూ పారిపోలేదు. జరిగింది చెప్పారు, తమ హెల్మెట్ కెమెరా వీడియో కూడా అవలాంచ్ సెంటర్‌కు ఇచ్చారు, ఇతరులు నేర్చుకుంటారని. తర్వాత ఆ వీడియోనే సాక్ష్యంగా చేసుకుని, ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చారని వాళ్ళ మీద కేసు పెట్టారు. యంత్రానికి 1,68,000 డాలర్లు కట్టాలన్నారు.

ప్రాసిక్యూటర్ల వాదనలో బలం లేకపోలేదు. ఆ వాలు కింద ఉన్నది రోజూ వేలాది వాహనాలు వెళ్ళే రహదారి. తన ప్రాణంతో ఆడుకోవడం వేరు, కింద రోడ్డు మీద వెళ్ళేవాడి ప్రాణంతో ఆడుకోవడం వేరు. కానీ మరో వైపు కూడా చూడాలి. చరియల మీద సమాచారమంతా వచ్చేది కొండెక్కేవాళ్ళు స్వచ్ఛందంగా చెప్పడం వల్లే. ఇలా కేసులు పెడితే రేపటి నుంచి ఎవరూ నోరు విప్పరని రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయమే ఆందోళన చెప్పింది.

సైటు మీద పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పైనుంచి ఇటుక జారి పక్కన పడిందని చెప్పినవాడికి జరిమానా వేస్తే, రెండోసారి ఇటుక పడ్డా ఎవడూ చెప్పడు. మూడోసారి తల మీద పడ్డాకే అందరికీ తెలుస్తుంది. అందుకని మా అభిప్రాయం ఇది. కింద రోడ్డు, ఇళ్ళు ఉన్న వాలులను ముందే స్పష్టంగా మూసేయండి, దాటినవాడిని శిక్షించండి. అంతేకానీ నిజం చెప్పినవాడి మాటనే అతని మెడకు చుట్టకండి. దాని వల్ల ఒక యంత్రం డబ్బు రావచ్చేమో గానీ, పోయే సమాచారం విలువ అంతకన్నా ఎక్కువ.

మేము తిరిగి వచ్చిన రోజు

శిక్షణ అయ్యాక ఫిబ్రవరిలో మేము ముగ్గురం బర్తౌడ్ పాస్ దగ్గరికి వెళ్ళాం. బులెటిన్‌లో ఆ రోజు 3. రెండు గంటలు ఎక్కాక కాళ్ళ కింద 'వుంఫ్' అని పెద్ద శబ్దం వచ్చి, మంచు ఒక్కసారి కుంగినట్టయింది. కింద బలహీనపు పొర కూలిందని అర్థం. శిక్షణలో దీన్ని కొండ వేసే కేక అన్నారు. ముందున్న వాలు ఇంకా నిటారుగా ఉంది.

బావమరిది "బావా, ఇంత దూరం వచ్చినం. ముందుగాల నలుగురు పోయిన గుర్తులున్నయి గద. ఏం గాదు, పోదాం పా" అన్నాడు. మాకూ మనసులో పోదామనే ఉంది, దాచడం ఎందుకు? మా ఆవిడ మాత్రం "నాకైతే మంచిగ అనిపిస్తలేదు. తిరిగి పోదాం" అంది. ఎందుకో వివరించలేకపోయింది. ముగ్గురిలో అనుభవం తక్కువ ఆమెకే. 'నీకేం తెలుసు' అనబోయి ఆగాం. 'సారూ, మట్టి రాలుతాంది' అన్న మాట చెవిలో పడినట్టయింది. వెనక్కి తిరిగాం.

ఆ వాలు ఆ రోజు జారలేదు. మా తర్వాత వెళ్ళినవాళ్ళు హాయిగా దిగి వచ్చారు. బావమరిది ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. "ఏమైంది? ఏం గాలే గద" అంటాడు. అతనికి చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. మంచు కొండతో చిక్కు అదే. తప్పు చేసినా చాలాసార్లు శిక్ష పడదు. దాంతో మనం చేసింది ఒప్పని అనుకుంటాం. పదిసార్లు జారకపోతే పదకొండోసారికి ధైర్యం పెరుగుతుంది. అనుభవం అనుకునేది చాలాసార్లు అదృష్టమే.

2022 డిసెంబర్ 26న అరిజోనాలో గడ్డకట్టిన వుడ్స్ కేన్యన్ లేక్ మీద నడుస్తూ మంచు పగిలి ముగ్గురు మన తెలుగువాళ్ళు చనిపోయారు. అది చరియ కాదు, చెరువు. కానీ మనకు మంచు కొత్త అన్నది రెండు చోట్లా ఒకటే. పుట్టిన ఊళ్ళో చెరువు లోతు, వాగు ఉరవడి మనకు చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ళు చెప్పారు. మంచు గురించి మనకు చెప్పే పెద్దవాళ్ళు ఇంట్లో లేరు. అడిగి నేర్చుకోవాల్సిందే.

కాబట్టి తెలుగు సంఘాలవారికి మా మనవి. చలికాలం మొదట్లో, సంక్రాంతి సంబరాల కన్నా ముందు, ఒక సాయంత్రం మంచు భద్రత మీద చెప్పించండి. 'నో బిఫోర్ యు గో' పేరుతో యూటాలో 2004లో మొదలైన ఉచిత అవగాహన కార్యక్రమం ఉంది, గంట చాలు. కొండల్లోకి వెళ్ళాలనుకునే కుర్రాళ్ళు బోర్డు కొనేముందు శిక్షణకు డబ్బు కట్టండి. ఏటా సీజన్ మొదట్లో బీకన్ వెతకడం, తవ్వడం మళ్ళీ సాధన చేయండి. సర్టిఫికెట్ ఉందని గోడకు తగిలించుకుంటే పార తవ్వదు.

అన్నిటికన్నా ముందు జట్టులో ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరు వద్దన్నా, కారణం చెప్పలేకపోయినా, అందరూ వెనక్కి తిరగాలి. చిన్నవాళ్ళు, కొత్తవాళ్ళు, ఆడవాళ్ళు అన్న తేడా లేకుండా. మా ముగ్గురి మధ్య ఇప్పుడు ఆ ఒప్పందం ఉంది. బావమరిది కూడా గొణుగుతూనే ఒప్పుకున్నాడు. వచ్చే చలికాలం మళ్ళీ వెళతాం. ఎంత ఎత్తు ఎక్కామన్నది కాకుండా, ముగ్గురం కలిసి ఇంటికొచ్చి భోంచేశామా లేదా అన్నదే లెక్క పెట్టుకుంటాం.